తలుపు చెక్క

సముద్రం ఒడ్డున పుట్టినవాడు కొండెక్కి వచ్చి చేపలు పడతానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఊళ్ళో అందరూ నవ్వారు, నాతో సహా. సింహాచలం భీమిలి వైపు మనిషి. ఊహ తెలిసినప్పట్నుంచీ పరాయివాళ్ళ బోట్ల మీద కూలికి వెళ్ళి విసుగెత్తిపోయాడు. మా కొండల మధ్య డ్యాము నీళ్ళున్నాయని, ఆ నీళ్ళలో బొచ్చెలూ శీలావతులూ బలిసి ఉన్నాయని ఎవరి నోటో విని వచ్చేశాడు. నవ్విన నన్నే పెళ్ళి చేసుకున్నాడు. మా అయ్య సోంబరు ఇంట్లోనే కాపురం పెట్టాడు. ఇల్లరికమని ఎవరైనా వేళాకోళమాడితే, "ఇల్లెవలిదైతే ఏటి, పడవ నాది" అనేవాడు.

అందులో అబద్ధమేమీ లేదు. ఆ పడవ అతని సొంతం. నలుగురు కూర్చుని వల లాగేంత చిన్న నాటు పడవ. ముక్కు మీద తన పేరు తనే రాసుకున్నాడు, అక్షరాలు వంకరటింకరగా. చిన్నమ్మలు అని నా పేరు కూడా రాయమంటే చోటు లేదన్నాడు.

అది రెండువేల మూడు వేసవి. అంతకుముందు వానాకాలంలో, సంతకి పోతున్న జనంతో ఒక పడవ రేవు కనబడుతుండగానే తిరగబడింది. పోయినవాళ్ళు పోయారు. తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చేపల పడవైనా సరే, మనుషుల్ని దాటించే పడవైనా సరే, వానలు పడేలోగా తనిఖీకి నిలబడాలి. నెగ్గితే పడవకి నంబరు వేస్తారు. తప్పితే ఒడ్డుకెక్కించి మళ్ళీ వేసవి దాకా నీళ్ళలోకి దింపనివ్వరు.

మా పడవ ఒడ్డెక్కితే సింహాచలం కిందకి దిగి మళ్ళీ పరాయి బోటు ఎక్కాల్సిందే. ఆ సంగతి తలుచుకుంటే అతనికి అన్నం సయించేది కాదు. నాకూ అంతే. మొగుడు సముద్రం మీద, పెళ్ళాం కొండ మీద, అదేం కాపురం?

చిక్కంతా ఒక పలకతో వచ్చింది. పడవకి ఎడం పక్క పలక పుచ్చిపోయి, వేలితో నొక్కితే పొట్టులా రాలుతోంది. అడవిలో చెట్టు కొట్టనివ్వరు. కోత మిల్లు ఎక్కడో కింద మైదానంలో ఉంది. తనిఖీ చూస్తే దగ్గరికొచ్చేస్తోంది.

చైత్రం వచ్చేసరికి డ్యాము నీళ్ళు బాగా తీశాయి. నీళ్ళు తీస్తే మా పాత ఊరు బయటపడుతుంది. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన ఊరు, నేను పుట్టకముందు సంగతి. బురదలోంచి గోడల రాళ్ళూ, మొండి స్తంభాలూ, ఊరి తల్లి చుట్టూ పాతిన బండలూ తేలతాయి. మావాళ్ళెవరూ అటు వెళ్ళరు. భయమని కాదు. మనుషులు లేని ఇంట్లోకి దూరి గిన్నె తెచ్చుకుంటామా? అలాగే అనుకోండి.

ఆ ఊరి మాటెత్తితే అందరూ ముందు చెప్పేది సుక్రి ఆజి గురించి. మావైపు నాన్నమ్మని ఆజి అంటాం. సుక్రి మా అయ్యకి ఆజి. ఊరంతా ఖాళీ చేసి పోతుంటే ఆవిడొక్కతే రానంటే రానని ఇంట్లోకి వెళ్ళి, లోపల గడియ వేసుకుని, నీళ్ళకి ఎదురు కూర్చుందట. ఆ పౌరుషం గురించి వింటూ పెరిగాను నేను. చిన్నప్పుడు మంకుపట్టు పడితే నన్ను తిట్టకుండా "సుక్రి ఆజి పోలిక" అని మురిసిపోయేవారు. పోయినవాళ్ళని మళ్ళీ ఇంటికి పిలుచుకునే ఆచారం మాలో ఉంది. కాని తన ఇష్టంతో ఉండిపోయిన మనిషిని పిలిస్తే అవమానించినట్టని, ఆజిని మాత్రం ఎవరూ పిలవలేదు.

చైత్రంలో మావాళ్ళు చేసుకునే ఇటుకల పండక్కి మా అయ్య హుకుంపేట దగ్గరున్న మా అత్త ఇంటికి వెళ్ళాడు. అతను ఊళ్ళో లేనప్పుడే సింహాచలం పడవ వెనక తాడు కట్టి ఒక చెక్కని ఈడ్చుకొచ్చాడు.

"ఎక్కడిదయ్యా ఇది?" అన్నాను.

"బురదలో దిగబడి ఉన్నాది. సూడు, ఇనుములాగున్నాది. ఇన్నేళ్ళు నీటిలో నానినా ఎక్కడా పుచ్చు నేదు."

"పాత ఊర్లోదా?"

"సెక్కకి ఊరేటే? నీటిలో దొరికింది నీటోడిదే."

నాకు నచ్చలేదు. అయితే వద్దనడానికి నోరు రాలేదు, పడవ సంగతి అలా ఉంది మరి. ఒకే మానులోంచి చెక్కిన వెడల్పాటి పలక అది. ఒక పక్క పొయ్యి పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. రెండో పక్క తుప్పుపట్టిన ఇనప ఉంగరమూ, దాని కింద కొక్కెమూ ఉంటే సింహాచలం పటకారుతో పీకి నీళ్ళలోకి విసిరేశాడు. పైనా కిందా పొడుచుకొచ్చిన ముక్కలు రంపంతో కోసేశాడు. నలుపు పక్క పడవ లోపలికి వచ్చేలా మేకులు దిగ్గొట్టాడు. చేసినట్టు అతికిపోయింది. నేను గుగ్గిలం నూనెలో వేసి కాచాను. అతను సందుల్లో దూది కుక్కి ఆ గుగ్గిలం పోశాడు. రేవంతా ఆ వాసనే.

ఒక మిట్టమధ్యాహ్నం చోడి అంబలి పట్టుకుని రేవుకి వెళ్ళాను. అడుగున తారు పుయ్యడానికి పడవని బోర్లించి ఉంచాడు. మనిషి లేడు. తారు డబ్బా కోసం యర్రయ్య బాబాయి దగ్గరికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. యర్రయ్యదీ చేపల పడవే, పక్క రేవు. గాలి లేదు. పిట్ట అరవడం లేదు. డ్యాము నీళ్ళ మీద చిన్న ముడత కూడా లేదు. ముంత కింద పెడుతుంటే పడవ లోపల్నుంచి చప్పుడు వినిపించింది.

అరచేత్తో చెక్క మీద కొట్టినట్టు. ఆగి, మళ్ళీ. గట్టిగా కాదు. ఎవరైనా వింటారన్న ఆశ పెద్దగా లేని మనిషి కొట్టినట్టు, నిదానంగా.

"నువ్వేనా?" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది. నా గొంతు వినే ఆగిందని నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. వంగి పడవ కిందకి చూద్దామంటే నడుం వంగలేదు. సింహాచలం వెనకనుంచి వచ్చి, "ఏటే అలా నిలబడిపోనావు?" అనేదాకా అక్కడే ఉన్నాను.

చెప్పాను. అతను పడవ అంచు పట్టుకుని ఎత్తి చూపించాడు. కింద ఒక తొండ తప్ప ఏమీ లేదు. అదీ మమ్మల్ని చూసి పారిపోయింది.

"నానిన సెక్క కదా, ఎండకి పేలతంది" అన్నాడు.

చెక్క పేలితే ఒకసారి పేలుతుంది. మనం పలకరిస్తే ఆగదు. ఆ మాట అన్నాను కూడా. అతను ముంత అందుకుని అంబలి తాగాడు.

తర్వాత రంగు. పడవ లోపలంతా నీలం రంగు వేశాడు, ముచ్చటగా ఉంది. పొద్దున్న చూస్తే ఆ కొత్త పలక మీద ఒక్క చోట రంగు లేచిపోయి ఉంది, రెండు అరచేతులు పట్టేంత మేర. గీకి మళ్ళీ వేశాడు. మళ్ళీ లేచింది, సరిగ్గా అక్కడే.

"పొగ నలుపు కదా. జిడ్డుకి రంగు పట్టదు" అన్నాడు.

"పలకంతా నలుపే కదయ్యా. మిగతా చోట్ల ఎలా పట్టింది?"

నా వంక ఒకసారి చూసి, "నువ్వింటికెల్లి కూరొండు" అన్నాడు. జవాబు లేనప్పుడు మగాళ్ళకి కూర గుర్తొస్తుంది.

తనిఖీకి వచ్చే ఆఫీసరు ఏమేమి చూస్తాడో యర్రయ్య ముందే కనుక్కొచ్చి చెప్పాడు. నీళ్ళు తోడే బకెట్టు ఉండాలి, తాడుండాలి, పట్టుకుని తేలడానికి ఏదైనా ఉండాలి. సింహాచలం పాత లారీ ట్యూబులు తెచ్చి, అతుకులేసి, గాలి కొట్టి పెట్టాడు. నేను వాటి మీద కూర్చుని చూస్తే ఒకటి ఉస్సుమంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ వేసవిలో అలా నవ్వడం అదే ఆఖరు.

మా అయ్య పండగనుంచి వచ్చాడు. అల్లుడి పనితనం చూద్దామని నేరుగా రేవుకే వచ్చాడు. పడవ చుట్టూ తిరిగాడు, సందులు తడిమి చూశాడు, మెచ్చుకోలుగా తలూపాడు. తర్వాత లోపలికి వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవలేదు.

రంగు లేచిన చోట నల్లటి చెక్క మీద సన్నటి గీతలు వరసగా ఉన్నాయి. నేను అంతకుముందు చూడలేదా, చూసినా పట్టించుకోలేదా, తెలియదు. దువ్వెన పళ్ళలాగా ఉన్నాయి. మాలో వెనకటికి కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజున కాల్చిన ఊచతో తలుపు లోపలి పక్క తన దువ్వెన గుర్తు గీసేది. ఇప్పుడెవరూ గీయడం లేదు. మా అయ్య ఆ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు.

"ఇది మా తలుపు" అన్నాడు.

ఆ మర్నాటినుంచి అతను పడవ దగ్గరే. పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు, పొద్దు వాలాక లేస్తాడు. తినేముందు ఒక ముద్ద తీసి పడవలో పెడతాడు. అల్లుడు ఏమైనా అడిగితే ఊఁ అంటాడు. సింహాచలం ఊరుకుంటాడా? "మామా, ఆఫీసరొచ్చి ఈ అన్నం మెతుకులు సూస్తే సేపలకి మేతనుకుంటాడు" అని మేలమాడాడు. మా అయ్య నవ్వలేదు, కోప్పడనూ లేదు. నాకు మాత్రం సింహాచలం నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

"అయ్యా, ఆజి తనిష్టంతోనే కదా ఉండిపోయింది. మనం బాధపడితే ఆవిడకి చిన్నతనం కాదా?" అన్నాను ఒక మధ్యాహ్నం.

అతను లేచి పడవలో పెట్టిన ముద్ద మీది ఈగల్ని తోలాడు.

రేపు తనిఖీ అనగా యర్రయ్య బాబాయి మా పడవ చూడ్డానికి వచ్చాడు. అందరం గట్టు మీద కూర్చున్నాం. సాయంత్రం ఎండ పడవ మీద పడుతోంది. ఆ పలక సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. యర్రయ్య దాన్ని తట్టి చూసి, పొంగిపోయాడు.

"ఓరి అల్లుడా, నీ పడవకింక డోకా నేదురా. సుక్రి ముసిలమ్మ గడియేసుకున్న తలుపిది! ఆ పౌరుషం నీ పడవకెక్కింది."

సింహాచలం తాడు ముడి వేస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"గడియేటి బాబాయా? ఈ తలుపుకి లోపల గడియ నేదు. బైటే ఉంగరం, కొక్కెం ఉన్నాయి. నానే పీకాను. లోపలి పక్క ఒక్క మేకు కన్నం కూడా నేదు, కావలిస్తే సూసుకో."

అతను మామూలుగా అన్నాడు, చెక్క పని తెలిసినవాడు చెక్క గురించి చెప్పినట్టు. చెప్పాక ముడి బిగించి, తాడు కత్తిరించడానికి కత్తి కోసం వెతుక్కున్నాడు.

యర్రయ్య మెల్లగా లేచి, మేకలు తోలుకోవాలంటూ వెళ్ళిపోయాడు. అతనికి మేకలు లేవు.

అప్పుడు మా అయ్య చెప్పాడు.

"మూటలు కట్టుకునే రోజది. వాన ఇడవకుండా కొడతంది. ఆజి మాటిమాటికీ ఊరి తల్లి కాడికి ఎల్లిపోతంది, తీసుకొత్తే మల్లీ ఎల్లిపోతంది. మా అయ్య నన్ను పిలిసి, 'బండి కట్టీదాకా ముసిల్దాన్ని ఇంట్లో పెట్టి కొక్కెం ఎయ్యరా' అన్నాడు. ఏసాను. లోపల్నుంచి తలుపు కొట్టింది. 'ఒరే సోంబరూ' అంది. ఆటలాగ నవ్వుకుంటా పరిగెత్తాను."

నేను నీళ్ళ ముంత అందించాను. తీసుకున్నాడు కాని తాగలేదు.

"మా అయ్య నాను తీసాననుకున్నాడు. నాను మా అయ్య తీసాడనుకున్నాను. ఆడోల్ల బండి ముందెల్లింది, అందులో ఉన్నాదిలే అనుకున్నాం ఇద్దరం. కొండెక్కినాక ఎతికితే నేదు. ఎనక్కెల్దామంటే ఆ రేత్రే ఏరు పొంగింది. తెల్లారి సూస్తే ఊరు నేదు, నీళ్ళే."

"మరి గడియ వేసుకుందని..."

"ఆ మాట మా అయ్యే పుట్టించాడు. మొదట ఎవలికో సెప్పాడు, మల్లీ మల్లీ సెప్పాడు. పోయేముందు నాక్కూడా అదే సెప్పాడు, నాకేటీ తెలీనట్టు. నానూ ఊఁ అన్నాను."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నాది ఆవిడ పోలికేనని అందరూ మురిసిపోయిన ఆ ముసలమ్మ పౌరుషంతో కూర్చోలేదు. తలుపు కొట్టింది. మనవడు తీస్తాడని కొట్టింది.

"పిలుద్దాం అయ్యా" అన్నాను. "తప్పేముంది? ఇప్పుడు పిలుద్దాం."

"తలుపు తెరిసి పిలవాలి. పోయినోల్లున్న ఇంటి తలుపు తెరిసి, పిలిసి, ఆ తలుపుతోటే కొత్తింటికి తీసుకెల్లాల. నాను కొక్కెమేసిన తలుపుకి ఈడు మేకులు కొట్టాడు. ఎలాగ తెరుత్తాం?"

సింహాచలం కత్తి కింద పెట్టాడు. "రేపు నంబరేసినాక పలక మార్సకూడదు మామా. మారిస్తే నంబరు కొట్టేస్తారు. ఏసంగొత్తే తప్ప..."

"సరే" అన్నాడు మా అయ్య. "ఇన్నాల్లుంది. ఇంకో ఏడుంటాది."

అతను అలా 'సరే' అనకుండా మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లారింది. మంచు ఇంకా నీళ్ళ మీంచి లేవలేదు. ఆఫీసరు జీపు రావడానికి టైముంది. సింహాచలం పడవని ఇంకోసారి బోర్లించి, ఒక పక్క అంచు కింద కర్ర ఆనించి, దాని కిందకి పాక్కుంటూ వెళ్ళాడు. లోపల చీకట్లో పడుకుని పైకి చూస్తే, సందు సరిగ్గా మూయని చోట సూదిమొనంత వెలుతురు కనబడుతుంది. అక్కడ మళ్ళీ గుగ్గిలం పెట్టాలి. అది అతను ఎప్పుడూ చేసే పనే. నేను గట్టు మీద గుగ్గిలం వేడి చేస్తున్నాను. మా అయ్య తన చోట తను కూర్చున్నాడు.

కర్ర జారింది. ఎవరూ ముట్టుకోలేదు, గాలీ లేదు. అంచు నేల మీదకి దిగి, తడి ఇసుకలో కూరుకుపోయింది.

ముందు నవ్వొచ్చింది నాకు. తర్వాత లోపల్నుంచి సింహాచలం కేక వినిపించింది, ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు. "తియ్యండే! సిన్నమ్మలూ, తియ్యే!" చెక్క మీద దబదబా గుద్దుతున్నాడు. నేనూ మా అయ్యా పరిగెత్తి అంచు పట్టుకున్నాం. తారు కొత్తది, చేతులు జారిపోతున్నాయి. సింహాచలం కేకా, గుద్దులూ ముక్కు వైపునుంచి వస్తున్నాయి. నా చేతుల దగ్గర, ఎడం పక్క పలక వెనకనుంచి, ఇంకో చప్పుడు వస్తోంది. అరచేత్తో, నిదానంగా.

మా అయ్యకీ వినిపించింది. నా మొహంలోకి చూశాడు. "ఎత్తు" అన్నాడు. ఇద్దరం ఒక్క ఊపున ఎత్తాం.

సింహాచలం బయటికి పాకి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సముద్రంలో తుపానులు చూసినవాడు అతను. ముంతెడు నీళ్ళిస్తే సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు. లోపల ఏమైందని నేను అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఈ ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

కాసేపటికి లేచి, పనిముట్ల సంచీలోంచి చిన్న గునపం తీశాడు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు మా అయ్య. "జీపొచ్చీ వేళైంది."

"రానీ" అన్నాడు సింహాచలం.

మొదటి మేకు ఊడుతున్నప్పుడు ఘాటు రోడ్డు మీద జీపు హారను వినిపించింది. అంతా బిగించడానికి పట్టిన శ్రమలో సగం కూడా ఊడదీయడానికి పట్టలేదు. గుగ్గిలమూ దూదీ పెచ్చులుగా రాలిపడ్డాయి. పలక వచ్చేసింది. పడవ పక్కన మనిషి దూరేంత కంత మిగిలింది.

ఆఫీసరు పేరు లక్ష్మీప్రసాదు. మంచి మనిషి, ఉన్నమాట చెప్పాలి. కంత చూసి తెల్లబోయాడు.

"ఏంటయ్యా ఇది? తనిఖీ పెట్టుకుని చెక్క పీకేశావా?"

"ఆ సెక్క మాది కాదండి" అన్నాడు సింహాచలం. "తెలీక ఏసేసాను."

"ఎవరిదైతేనేం, మిగతా పని బాగుందే. మళ్ళీ బిగించు. నేను అవతలి రేవులో పడవలు చూసి సాయంత్రం ఇటే వస్తాను. నీళ్ళు ఊరకపోతే నంబరు వేసేసి వెళ్తాను."

దాచుకోవడమెందుకు, ఒక్క క్షణం నా మనసు పలక వైపు లాగింది. సాయంత్రందాకా టైముంది. గుగ్గిలం పొయ్యి మీదే ఉంది. ఒక్క ఏడాది, మా అయ్యే సరే అన్నాడు కదా. సింహాచలం పరాయి బోటెక్కి సముద్రం మీదకి వెళ్ళడం నా కళ్ళకి కట్టింది. అతని కళ్ళకీ కట్టే ఉంటుంది.

"వద్దండి" అన్నాడు.

ఆఫీసరు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. సుద్దముక్కతో పడవ ముక్కు మీద ఈ చివరనుంచి ఆ చివరకి గీత గీశాడు. గీత సింహాచలం పేరు మీదుగా పోయింది. జీపు వెళ్ళిపోయింది.

ఆ ఏడు మా పడవ నీళ్ళు చూడలేదు. వానలు మొదలయ్యాక సింహాచలం మూట కట్టుకుని కిందకి దిగాడు. మబ్బు పట్టిన ప్రతిరోజూ నేను గుమ్మంలో కూర్చుని దేవుడా కాపాడు అనుకున్నాను. తిరిగొచ్చాడు, ఎడం చేతి రెండు వేళ్ళు బోటు యంత్రానికి ఇచ్చేసి. ఆ మాట ఎవరు ఎత్తినా, మిగతా వేళ్ళు చూపించి నవ్వుతాడు.

అవన్నీ తర్వాత సంగతులు. ఆ పొద్దున జీపు చప్పుడు ఆగిపోయాక, సింహాచలం తలుపుని నీళ్ళ అంచున నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. కొక్కెం ఉండిన చోట మా అయ్య ఒక తాడు ముడి వేశాడు. వేసి, దాని ముందు నిలబడ్డాడు. తర్వాత ముడి విప్పాడు. సింహాచలం తలుపుని ఒక అంచు మీద మెల్లగా తిప్పాడు, ఇంటి తలుపు తెరిచినట్టే. తలుపు అవతల మంచూ, నీళ్ళూ.

"ఆజీ" అన్నాడు మా అయ్య. "సోంబరుని. కొక్కెం తీసేసాను. ఆలీసమైపోనాది. ఇంటికెల్దాం, రా."

ఏమీ జరగలేదు. నీళ్ళు ఒడ్డుకి తగులుతున్నాయి, అంతే. మా అయ్య మాత్రం తల ఊపి, వెనుదిరిగి కొండ దారి పట్టాడు. పిలిచినవాడు ముందు నడవాలి, వెనక్కి చూడకూడదు. పిలుపందుకున్నవాళ్ళు అతని వెనక వస్తారు. తలుపు మోసేవాడు ఆ వెనక. నేను అందరికన్నా వెనక.

రేవునుంచి ఊరికి దారి నిటారుగా ఉంటుంది, ఒక మనిషి పట్టేంత సన్నం. నానిన తలుపు బండరాయంత బరువు. అంత బరువు నెత్తిన ఉన్నవాడు ఆగకుండా ఒక్క బిగిన ఎక్కెయ్యాలి. మా ఆయన అలాగే ఎక్కుతాడు ఎప్పుడూ, చేపల గంప ఉన్నా అంతే. ఆ రోజు నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఆగుతున్నాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి. చెమట వీపు మీద కాలువలు కడుతోంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"బరువైతే దింపయ్యా. కాసేపాగి ఎల్దాం" అన్నాను.

అతను తల కదపకుండా, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"నాను ఆగనేదే. ముందు ముసిలమ్మ నిలబడిపోనాది. ఊపిరి తీసుకోనీ."

నేను అతని పక్కనుంచి ముందుకి చూశాను. దారి ఖాళీగా ఉంది. దారికి పైన, మాకు చాలా ముందు, మా అయ్య కూడా ఆగి నిలబడి ఉన్నాడు, వెనక్కి తిరక్కుండా.